ఇల్లు కదలలేదు, వార్డు కదిలింది
(సంఘ సర్వసభ్య సమావేశంలో గౌలిపుర సభ్యులొకరు చేసిన ప్రసంగ పాఠం)

కార్యదర్శిగారు నన్ను డి.ఎ. బకాయిల గురించి మాట్లాడమన్నారు. దానిపై మాట్లాడేవారు ఇప్పటికే నలుగురున్నారు కనుక, వార్డుల సంగతి చెబుతానని అనుమతి తీసుకున్నాను.

1986లో చాలా ఏళ్ళ విరామం తర్వాత మన కార్పొరేషనుకు ఎన్నికలు జరిగాయి. అప్పుడు వార్డులు 100. పాతబస్తీలో ఒక బడిలో నాకు పోలింగు ఆఫీసరు డ్యూటీ పడింది. ఒక ముసలమ్మ కర్ర పట్టుకుని వచ్చింది. జాబితా రెండుసార్లు తిరగేశాను, పేరు లేదు. "అమ్మా, మీ పేరు ఇక్కడ లేదు" అన్నాను. "మరి నేనెక్కడికి పోయిన నాయనా?" అని అడిగింది. వెనక వరుస పెద్దదిగా ఉంది. ఆమెను పక్కకు జరగమని తర్వాతి పేరు పిలిచాను. ఆమె పేరు ఏ బూత్‌లో ఉందో కనుక్కుని చెప్పడానికి ఐదు నిమిషాలు పట్టేది. చెప్పలేదు.

1991లో ఆ పాలకవర్గం గడువు తీరింది. మళ్ళీ 2002 దాకా ఎన్నికలే లేవు. 2002లో మేయరును మనమే నేరుగా ఎన్నుకున్నాము. 2007లో చుట్టుపక్కల 12 మున్సిపాలిటీలు, 8 గ్రామ పంచాయతీలు కలిసి గ్రేటర్ హైదరాబాదు అయింది. 2009లో 150 వార్డులకు ఎన్నికలు జరిగాయి. 2016 ఎన్నికలకు ముందు అవే 150 వార్డుల హద్దులు మళ్ళీ మార్చారు. 2011 జనాభా లెక్కల ప్రకారం నగర జనాభా 67 లక్షల పైచిలుకు. అంటే వార్డుకు సగటున 45 వేలు. ఆ లెక్క దగ్గరగా రావాలంటే గీత ఏదో ఒక రోడ్డు మీదుగానో, నాలా మీదుగానో పోవాలి. మ్యాపు మీద అది సన్నని గీతే.

ఇక్కడొక తికమక ఉంది. మన నగరంలో ఇంటి నంబరు మూడు ముక్కలుగా ఉంటుంది: మొదటిది వార్డు, రెండవది బ్లాకు, మూడవది ఇల్లు. తలుపు మీద రాసిన ఆ వార్డు వేరు, ఓటు వేసే వార్డు వేరు. లెక్కల శాఖలో పనిచేసి వచ్చిన మన మిత్రులు కూడా ఈ రెంటినీ కలిపేస్తారు!

మేము గౌలిపురలో ఒక గల్లీ నుంచి రోడ్డుకు ఇవతలి గల్లీకి మారి చాలా కాలమైంది. నా ఓటరు కార్డులో చిరునామా మార్పించాను. మా ఆవిడది రేపు మాపు అంటూ వదిలేశాను. రెండు గల్లీలూ ఒకే వార్డు, ఒకే బడి, ఏమవుతుందిలే అనుకున్నాను. 2016 ఫిబ్రవరి 2న ఇద్దరం వెళ్ళాము. నా పేరు ఉంది, ఆమె పేరు లేదు. కొత్త గీత సరిగ్గా మా రెండు గల్లీల మధ్య రోడ్డు మీద పడింది. బల్ల వెనక కుర్రవాడు "అమ్మా, ఇక్కడ లేదు" అన్నాడు. నాకు ముప్పై ఏళ్ళ కిందటి కర్ర చప్పుడు వినిపించింది.

అయితే ఆ కుర్రవాడు నాకంటే మంచివాడు. వేరే జాబితా చూసుకోమని చెప్పి, బయట బల్ల చూపించాడు. మోకాళ్ళ నొప్పులతో ఉన్న మనిషిని ఆటోలో ఇంకో బడికి తీసుకువెళ్ళాను. ఓటు వేసి వచ్చింది కానీ ముఖంలో సంతోషం లేదు. "ఆ పేర్లలో ఒక్కరూ నాకు తెలియదు. మన గల్లీ మోరీ సంగతి వాళ్ళకేం పట్టింది?" అంది. నిజమే. మోరీ పొంగేది మా గుమ్మం ముందు, ఆమె ఓటు లెక్కపడేది అవతలి వార్డులో. మా కార్పొరేటరు దగ్గరికి మోరీ గురించి అర్జీ పట్టుకుని నేనొక్కడినే వెళ్ళాను. ఆమె రానంది.

మరుసటి నెలలోనే ఆమె చిరునామా మార్పు ఫారం నింపాను. 2020 డిసెంబరు 1న, కరోనా రోజుల్లో, మాస్కులు కట్టుకుని ఒకే బూత్‌కు వెళ్ళాము. ఈసారి యంత్రం కాదు, కాగితం బ్యాలెట్టు. ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి, పట్టుచీర మడిచినంత జాగ్రత్తగా పెట్టెలో వేసింది. ఆ ఎన్నికల్లోనే పాత మలక్‌పేటలో ఒక పార్టీ గుర్తుకు బదులు మరో పార్టీ గుర్తు అచ్చుపడి, 3వ తేదీన మళ్ళీ పోలింగు పెట్టవలసి వచ్చింది. కాగితమైనా యంత్రమైనా చూసుకునే కళ్ళు కావాలి.

2025 చివర చుట్టుపక్కల 27 పట్టణ సంస్థలను నగరంలో కలిపి, 150 వార్డుల స్థానంలో 300 గీయడం మొదలైంది. అంటే గీతలు దాదాపు రెట్టింపు. మనలో చాలామంది పిల్లల ఇళ్ళకు మారారు, కార్డులు పాత చిరునామాల మీదే ఉన్నాయి. మునిసిపల్ ఓటర్ల జాబితా శాసనసభ జాబితా నుంచే విడదీస్తారు కనుక అక్కడ సరిచేసుకోవాలి. ఇప్పుడు దానికి ఫారం 8.

వచ్చే ఆదివారం నుంచి ఉదయం రెండు గంటలు సంఘం గదిలో కూర్చుంటాను. ఓటరు కార్డు, కరెంటు బిల్లు నకళ్ళు తెచ్చుకోండి. ఇంట్లో ఆడవాళ్ళ కార్డులు మరచిపోకండి. నడవలేని వారుంటే కబురు చేయండి, నేనే ఇంటికి వస్తాను.