పాత లెక్కలు క్రొత్త యేటికి పనికిరావు

పందెము నాడు మార్గమునకు ఇరువైపుల నిలిచి చప్పట్లు చరచువారు ఎందరో ఉందురు. పందెములు లేని నెలలలో మనలను చూచువా రెవరును ఉండరు. అయినను వచ్చు సంవత్సరపు ఫలితమునకు విత్తు పడునది ఆ నెలలలోనే. విరామము ముగిసి మరల సాధన ఆరంభించునప్పుడు క్రీడాకారుడు మొట్టమొదట చేయవలసిన పని యేది? శక్తికొలది పరుగెత్తుట కాదు. తన శక్తి ఇప్పుడు ఎంత ఉన్నదో కొలిచి తెలిసికొనుట. రైతు పదును చూడక అరక కట్టడు గదా! ఈ విషయమును గూర్చి, ట్రయథ్లాన్ అను క్రీడను ఉదాహరణముగా తీసికొని, నాలుగు మాటలు మనవి చేయదలచినాము.

ఈత, సైకిలు, పరుగు – ఈ మూడింటిని ఒకదాని వెంట ఒకటిగా, నడుమ విరామము లేకుండ సాగించు పందెమే ట్రయథ్లాన్. ఆ పేరుతో తొలి పందెము 1974వ సంవత్సరము సెప్టెంబరు 25వ తేదీన అమెరికాలోని శాన్ డియేగో నగరమున, మిషన్ బే తీరమున జరిగినది. 2000లో సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో దీనికి స్థానము లభించినది. అచ్చటి కొలత 1500 మీటర్ల ఈత, 40 కిలోమీటర్ల సైకిలు, 10 కిలోమీటర్ల పరుగు. ఇంతకు మించిన దూరముల పందెములును కలవు. 2019లో గోవా తీరమున మొదటిసారి జరిగిన పందెములో 1900 మీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిలు, 21 కిలోమీటర్ల పైచిల్లర పరుగు ఉండెను. మన తెలుగు నగరముల నుండియు ఇట్టి పందెములకు పోవువారు కలరు. వారిలో అధికులు ఉద్యోగములు, వ్యాపారములు, సంసారములు ఉన్నవారు; తెల్లవారుజామున దొరకు గంట, రెండు గంటలే వారి సాధనకు పెట్టుబడి. ఆ పెట్టుబడి వృథా కాకుండవలె నన్నచో కొలత అవసరము.

విరామము తరువాత పలువురు చేయునది ఏమనగా, కడచిన యేటి అంకెలను ముందు పెట్టుకొని సాధన ప్రారంభించుట. నిరుడు కిలోమీటరును ఐదు నిమిషములలో పరుగెత్తగలిగితిమి గావున నేడును అదే వేగమున పరుగెత్తవలె నని వారి తలంపు. పాత పంచాంగము చూచి నేటి తిథి చెప్పుట ఎట్టిదో ఇదియు అట్టిదే. సాధన మానిన శరీరము ఎంత త్వరగా సడలునో 1984లో ఎడ్వర్డ్ కాయిల్ అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును కొలిచి చూపిరి. బాగుగ సాధన చేసిన ఏడుగురు సాధనను పూర్తిగా మానివేయగా, వారి శరీరము ప్రాణవాయువును వినియోగించుకొనగల గరిష్ఠ శక్తి మూడు వారములలో 7 శాతము తగ్గినది. ఎనిమిది వారములకు ఆ తగ్గుదల 16 శాతమునకు చేరి అచ్చట నిలిచినది. ఆరంభమున కలుగు తగ్గుదలకు ముఖ్యకారణము గుండె ఒక్కొక్క స్పందనములో పంపు రక్తము తగ్గుట. అందరును సాధనను పూర్తిగా మానరు గావున అందరికిని నష్టము ఇంతే ఉండదు. ఎవరికి ఎంత అన్నది పరీక్షయే చెప్పవలెను.

అంకె తప్పినచో వచ్చు నష్ట మేమి అని అడుగవచ్చును. దీర్ఘదూర క్రీడలలో ఆరితేరినవారి సాధనను పరిశీలించిన స్టీఫెన్ సైలర్ అను శాస్త్రజ్ఞుడు, వారి సాధనలో సుమారు నూటికి ఎనుబది వంతులు తేలిక వేగముననే సాగుచున్నట్లు గమనించెను. కఠినమైనది మిగిలిన ఇరువది వంతులే. తేలిక అనగా ఎంత, కఠిన మనగా ఎంత అను హద్దు ప్రతివానికిని వేరు. ఒకే మనిషికి కూడ కార్తీకమున ఒకటి, చైత్రమున ఒకటి. హద్దును నిరుటి లెక్కతో గీచుకొన్నవానికి తేలిక దినములన్నియు కఠిన దినములే యగును. గుండె, ఊపిరి కొన్ని వారములలో కోలుకొనును. కండరములను ఎముకలకు కట్టి యుంచు స్నాయువులు అంత త్వరగా గట్టిపడవు. ఊపిరి ఆడుచున్నది గదా అని కాళ్ళను తరిమినచో, మడమ వెనుకనో మోకాటి క్రిందనో నొప్పి పుట్టి, మొదటి నెలలోనే సాధన ఆగిపోవును.

అయితే పరీక్షకు ముందు మరియొక పరీక్ష కలదు. అది వైద్యునిది. 1985 నుండి 2016 వరకు అమెరికాలో జరిగిన ట్రయథ్లాన్ పందెములను పరిశీలించి 2017లో వైద్యులు ఒక నివేదిక ప్రకటించిరి. ఆకస్మిక మరణములు, గుండె ఆగి తిరిగి బ్రదికింపబడిన సంఘటనలు, గాయముల వలని మరణములు అన్నియు కలిసి 135. వానిలో 90 ఈతలోనే సంభవించినవి. బాధితులలో నూటికి 85 మంది పురుషులు. వారి సగటు వయస్సు సుమారు 47 సంవత్సరములు. శవపరీక్ష వివరములు లభించిన 61 మందిలో 27 మందికి గుండెకో రక్తనాళములకో సంబంధించిన దోషము అంతకు పూర్వమే ఉన్నట్లు తేలినది. లక్షమంది పాల్గొన్నచో ఇట్టి సంఘటనలు రెండింటి కంటె తక్కువే యగుట చేత, ఇది భయపడి ఇంట కూర్చుండుటకు కారణము కాదు. కాని నలుబది దాటినవారును, రక్తపుపోటు, మధుమేహము ఉన్నవారును, చిన్న వయస్సున గుండెజబ్బుతో బంధువులను పోగొట్టుకొన్న కుటుంబములవారును, పరుగులో ఎదురురొమ్మున నొప్పి గాని కన్నులు తిరుగుట గాని ఎరిగినవారును ముందుగా వైద్యునికి చూపించుకొనక పూర్తి శక్తితో చేయు పరీక్షకు పూనుకొనరాదు. ఇంటిలోని పెద్దలు, భార్యలు ఈ ఒక్క విషయమున పట్టుపట్టవలె నని మా ప్రార్థన.

ఇక పరీక్షలు. మూడింటిని ఒకే నాడు చేయరాదు. నడుమ ఒకటి రెండు దినములు విశ్రాంతి గాని తేలికైన సాధన గాని ఉండవలెను. అంతకు ముందు ఒక వారము పాటు ఉదయము మేలుకొనగనే, మంచము దిగకముందే, నాడిని ఒక నిమిషము లెక్కించి వ్రాసికొనుట మంచిది. పరీక్ష నాటి ఉదయము ఆ అంకె అలవాటు కంటె ఏడెనిమిది ఎక్కువగా ఉన్నచో, నిద్ర చాలలేదనియో, జ్వరము పొంచియున్నదనియో తలచి పరీక్షను వాయిదా వేసికొనవలెను.

ఈత పరీక్షకు కావలసినవి కొలను, గడియారము, లెక్క పెట్టుటకు ఒక స్నేహితుడు. శరీరమును తేలిక ఈతతో వెచ్చపరచుకొని, 400 మీటర్లు శక్తికొలది, ఒకే తీరున ఈదవలెను. బాగుగ అలసట తీరిన తరువాత 200 మీటర్లు అట్లే ఈదవలెను. రెండు కాలముల భేదమును సగము చేసినచో, నూరు మీటర్లకు మనము చాలసేపు నిలుపుకొనగల వేగము తెలియును. ఉదాహరణకు 400 మీటర్లకు 8 నిమిషములు, అనగా 480 సెకండ్లు. 200 మీటర్లకు 3 నిమిషముల 50 సెకండ్లు, అనగా 230 సెకండ్లు. భేదము 250. అందులో సగము 125. అనగా నూరు మీటర్లకు 2 నిమిషముల 5 సెకండ్లు. ఈ లెక్కకు పలకా బలపము చాలును. ఒక్క జాగ్రత్త: 25 మీటర్ల కొలనులో గోడను తన్ని మరలు సందర్భములు ఎక్కువ గావున కాలము కొంత తగ్గును. ఈసారి ఏ కొలనులో ఈదితిమో మరుసారియు అందులోనే ఈదవలెను.

సైకిలు పరీక్షలో ముఖ్యమైనది ఇరువది నిమిషముల ప్రయాణము. తొక్కు బలమును వాట్లలో చూపు పరికరము ఉన్నవారు, ఆ ఇరువది నిమిషముల సగటులో నూటికి 95 వంతులు తీసికొందురు. సగటు 200 వాట్లయినచో 190. ఇది సుమారుగా ఒక గంటసేపు నిలుపుకొనగల బలము. పరికరము లేనివారు నిరాశ చెందనక్కరలేదు. వాహనముల రద్దీ లేని ఒక రోడ్డును ఎన్నుకొని, గాలి లేని ఉదయమున ఇరువది నిమిషములలో ఎంత దూరము పోయితిమో గుర్తించుకొనినను చాలును. మరుసారి అదే రోడ్డు, అదే సైకిలు, టైర్లలో అంతే గాలి. మొదటి ఐదు నిమిషములలోనే బలమంతయు ఖర్చుచేసి తక్కిన పదునైదు నిమిషములు ఈడ్చుకొనిపోవుట అనుభవము లేనివారి లక్షణము. చివరి నిమిషము మొదటి నిమిషము కంటె మెల్లగా ఉండకుండుట మంచి పరీక్షకు గుర్తు.

పరుగునకు పన్నెండు నిమిషముల పరీక్ష ప్రసిద్ధమైనది. అమెరికా వైమానిక దళమున వైద్యుడుగా ఉన్న కెన్నెత్ కూపర్ 1968లో దీనిని ప్రకటించెను. చదునైన 400 మీటర్ల బాటపై పన్నెండు నిమిషములలో ఎన్ని మీటర్లు పరుగెత్తితిమో చూచి, అందులో నుండి 505 తీసివేసి, మిగిలినదానిని 45తో భాగించినచో, ప్రాణవాయు వినియోగశక్తి ఉజ్జాయింపుగా తెలియును. 2400 మీటర్లు పరుగెత్తినవానికి అది సుమారు 42. అనగా శరీరపు బరువులో ఒక్కొక్క కిలోకు నిమిషమునకు 42 మిల్లీలీటర్లు. ప్రయోగశాలలో ముఖమునకు తొడుగు తగిలించి కొలుచునంత ఖచ్చితము దీనికి లేదు. కాని మనకు కావలసినది ఇరుగుపొరుగువారితో పోలిక కాదు, రెండు మాసముల నాటి మనతో పోలిక. అందుకిది చాలును.

నాడి విషయమున ఒక మాట. గుండె గరిష్ఠముగా ఎన్నిసార్లు కొట్టుకొనునో తెలిసికొనుటకు 220 నుండి వయస్సు తీసివేయవలె నను సూత్రము వాడుకలో ఉన్నది. 2001లో మరియొక సూత్రము వచ్చినది: వయస్సును 0.7తో గుణించి 208 నుండి తీసివేయుట. నలుబది యేండ్లవానికి రెండును 180 అనియే చెప్పును. అరువదియేండ్ల వానికి మొదటిది 160, రెండవది 166 అనును. ఏ సూత్రమైనను పెక్కుమంది సగటు మాత్రమే. ఒక వ్యక్తి నాడి దానికి పది పన్నెండు పైన గాని క్రింద గాని ఉండుట సాధారణము. కావున కాగితముపై లెక్కించిన నాడిని నమ్మి శిక్షణ హద్దులు గీచుకొనుట కంటె, పరీక్షలో స్వయముగా చూచిన నాడిని నమ్ముట మేలు.

మన దేశపు వాతావరణమును గూర్చియు చెప్పవలసి యున్నది. శీతల దేశములలో విరామకాల మనగా మంచు కురియు కాలము. అచ్చటివారు ఇంటిలోనే కదలని సైకిలుపై పరీక్షలు చేసికొందురు. మనకు మార్గశిర పుష్యమాసముల ఉదయములే పరీక్షలకు అనువైనవి. అయితే పుష్యమున చేసిన పరీక్షను చైత్రమున మరల చేసినప్పుడు, వేగము అంతే ఉన్నను నాడి పెరిగి కనిపించవచ్చును. ఎండ వేడిమికి శరీరమును చల్లబరచుటకై రక్తములో కొంతభాగము చర్మమునకు పోవును. ఆ లోటు తీర్చుటకు గుండె వేగముగా కొట్టుకొనును. ఇది సాధన లోపము కాదు. అందుచేతనే తేదీ, వేళ, ఎండ, గాలి, క్రిందటి రాత్రి నిద్ర – ఇవన్నియు ఫలితము ప్రక్కనే వ్రాసియుంచవలెను. ఈ వివరములు లేని అంకెకు విలువ కొంచెమే.

ఆరు మొదలు ఎనిమిది వారముల కొకసారి ఇవే పరీక్షలను ఇదే పద్ధతిని చేసినచో, పుస్తకములోని అంకెలే మనకు గురువులగును. ఈత మెరుగుపడక పరుగు మెరుగుపడిన వాడు, తనకు ఇష్టమైన పనినే చేయుచున్నాడనియు, అవసరమైన పనిని తప్పించుకొనుచున్నాడనియు గ్రహించును. మూడు విద్యలలో బలహీనమైనదానికి శీతకాలమున ఎక్కువ దినములు కేటాయించుట ఈ క్రీడలో తెలివైన పని; పందెములు దగ్గరపడిన పిమ్మట దానికి వ్యవధి ఉండదు.

మొదటి పరీక్ష ఫలితము సామాన్యముగా సంతోషము కలిగించదు. నిరుటి అంకెల ప్రక్కన నేటి అంకెలు చిన్నవిగా కనిపించును. ఆ పుటను చింపివేయవలె నని కొందరికి తోచును. పుస్తకమునే అటక మీదికి ఎక్కించువారును కలరు. అది చింపకుండ ఉంచినవాడు వచ్చు వేసవికి తాను నడచిన దూర మెంతో చూచుకొనగలడు. సాధనలో ఆ చిన్న అంకె అవమానము కాదు. అది బయలుదేరు చోటు. బయలుదేరిన చోటు తెలిసినవానికే చేరవలసిన ఊరు ఎంత దూరమో తెలియును.