నెల, నేల: మా సాయంత్రం బడిలో దీర్ఘాల పాఠం
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సమావేశంలో మేము లెక్కలు చదువుతాం. ఎన్ని కుట్టుమిషన్లు ఇచ్చాం, ఎందరికి ఫీజులు కట్టాం, రంజాన్‌లో ఎన్ని ఇళ్ళకు సరుకులు చేరాయి అని. ఆ పట్టికలు ఈ సంచికలోనే వేరేచోట ఉన్నాయి. ఈరోజు ఒకటి, రెండు తరగతుల పిల్లలకు దీర్ఘాలు నేర్పడం గురించి నాలుగు మాటలు చెబుతాం. ఇంత చిన్న విషయమా అనుకోకండి. దీనికి మీ డబ్బు ఖర్చయింది, మా తప్పు కూడా ఇందులో ఉంది.

మా సాయంత్రం బడికి రెండో తరగతి బాబు ఒకడు వస్తాడు. గుణింతం అడిగితే పాటలా గడగడా అప్పజెప్పేవాడు. పుస్తకం తెరిస్తే మాత్రం 'నేల మీద కూర్చుంది' అని ఉన్నదాన్ని 'నెల మీద కూర్చుంది' అని చదివేవాడు. 'మెడ' రాయమంటే 'మేడ' రాసేవాడు, 'కోట' అంటే 'కొట'. బడిలో మొద్దు అని పేరు పడింది. తండ్రి మెకానిక్ షెడ్డులో పని చేస్తాడు. చదువు రానప్పుడు ఎందుకు, కొంచెం పెద్దయ్యాక నాతోనే తీసుకుపోతానన్నాడు. మేమూ తక్కువ తినలేదు. చెవుల్లో లోపముందేమోనని డాక్టరుకు చూపించాం. చెవులు బాగానే ఉన్నాయన్నారు. అయితే శ్రద్ధ లేదు, ఈ చోటు ఇంకో బిడ్డకు ఇద్దామని కమిటీలో అనుకున్నాం. ఆ మాట మినిట్స్ పుస్తకంలో ఇప్పటికీ ఉంది. కొట్టివేయలేదు, ఉండనిద్దామనుకున్నాం.

మమ్మల్ని ఆపింది మా టీచరమ్మ. డిగ్రీ చదివిన మన వీధి అమ్మాయే. వాడి నోటుబుక్కులో తప్పులన్నీ ఎర్ర సిరాతో చుట్టి మా ముందు పెట్టింది. "చాచా, చూడండి. పడు, పాడు ఎక్కడా తప్పు రాయలేదు. ఇ, ఈ తప్పలేదు. ఉ, ఊ తప్పలేదు. ఉన్న తప్పులన్నీ ఎ-ఏ, ఒ-ఓ దగ్గరే. శ్రద్ధ లేని పిల్లవాడు ఇంత పద్ధతిగా తప్పులు చేస్తాడా?" అంది.

మేము నోరు మూసుకుని విన్నాం. ఆ అమ్మాయి చెప్పింది ఇది. మన ఇంటి మాట ఉర్దూ. ఉర్దూలో కమ్ వేరు, కామ్ వేరు. దిన్ అంటే రోజు, దీన్ అంటే ధర్మం. పొట్టి, పొడుగు తేడా మన పిల్లలకు పాలతోనే వస్తుంది. (మన వీధి ఉర్దూలో ఆద్మీని అద్మీ, ఆస్మాన్‌ను అస్మాన్ అనేస్తాం, అది వేరే కథ.) కాని ఏ, ఓ లకు వచ్చేసరికి ఉర్దూలో పొట్టి జంట లేదు. మెహనత్ లాంటి మాటల్లో పొట్టి ఎ వినబడుతుంది గాని దానివల్ల అర్థం మారదు, రాతలో దానికంటూ వేరే అక్షరమూ లేదు. తెలుగులో అలా కాదు. నెల అంటే ముప్పై రోజులు, నేల అంటే కాళ్ళ కింద ఉండేది. కొన వేరు, కోన వేరు. ఇంట్లో ఎన్నడూ లెక్కలోకి రాని తేడా బడిలో మార్కులు కోసేస్తోంది. దూదేకుల కుటుంబాల పిల్లలు ఇంట్లో తెలుగే మాట్లాడతారు కాబట్టి ఇదే తరగతిలో వాళ్ళకు ఈ చిక్కు రాలేదు. మేము దాన్ని తెలివితేటల తేడా అనుకున్నాం. తల వంచుకుని చెబుతున్నాం.

ఇక నేర్పడం ఎలా? ఉపాయం ఖాయిదా పాఠంలోనే దొరికింది. అరబ్బీ అక్షరాలు నేర్చుకునేటప్పుడు మద్ వచ్చిన చోట హజ్రత్ వేళ్ళతో లెక్క పెట్టిస్తారు కదా. అలిఫ్, వావ్, యే లతో వచ్చే మామూలు మద్‌కు రెండు లెక్కలు. మన తెలుగు వ్యాకరణమూ హ్రస్వానికి ఒక మాత్ర, దీర్ఘానికి రెండు మాత్రలు అంటుంది. పిల్లవాడికి పొద్దున ఒకచోట తెలిసిన సంగతే సాయంత్రం ఇంకోచోట పనికొస్తుందని ఎవరూ చెప్పలేదు, అంతే. ఇప్పుడు మా బడిలో 'నెల' అంటే ఒక వేలు, 'నేల' అంటే రెండు వేళ్ళు. మొదట వినడమే. టీచరమ్మ పలుకుతుంది, పిల్లలు వేళ్ళు చూపిస్తారు. పలక ముట్టుకోరు. చెవికి తేడా తెలిశాకే ఎత్వం, ఏత్వం. మెడ పట్టుకోవడం, మేడ వైపు చూపించడం కూడా ఉంది. దీనికి పెద్ద గొడవ అవుతుంది, పక్కింటివాళ్ళు ఓర్చుకుంటున్నారు.

రాతలో ఇంకో చిక్కు. 'కొ', 'కో' లకు గుర్తు అక్షరం పైన ఉంటుంది. 'మొ', 'మో' దగ్గరకు వచ్చేసరికి పైన ఎత్వం, పక్కన కొమ్మో కొమ్ము దీర్ఘమో. 'యొ', 'యో' కూడా అంతే. గుణింతం పాటలా వచ్చిన పిల్లలు ఇక్కడే తేలిపోతారు. అందుకే వరుసగా అప్పజెప్పించడం తగ్గించి, అట్టముక్కల మీద విడి అక్షరాలు రాసి కలిపేసి చదివిస్తున్నాం. అట్టలు మిఠాయి డబ్బాలవి. ఖర్చు లేదు.

ఇంగ్లిష్ సంగతేమిటని తల్లిదండ్రులు అడుగుతారు. అక్కడ లాంగ్ వొవెల్ అంటే సాగదీయడం కాదు, శబ్దమే మారిపోతుంది. క్యాప్ చివర ఒక ఈ అక్షరం చేరితే కేప్, కిట్ చివర చేరితే కైట్. ఆ చివరి అక్షరం మాత్రం నోరు విప్పదు. తెలుగు దీర్ఘం అలవాటైన పిల్లవాడికి 'లాంగ్' అని చెబితే క్యాప్‌నే ఇంకాస్త లాగుతాడు. అందుకని తెలుగు దీర్ఘాలు చేతికి వచ్చేదాకా ఆ మాట ఎత్తవద్దని మా టీచరమ్మ పట్టుబట్టింది. మొదట్లో మాలో కొందరికి నచ్చలేదు. ఇప్పుడు ఆమె మాటే నడుస్తోంది.

ఆ బాబు మా దగ్గరే ఉన్నాడు. 'మొ' దగ్గర ఇంకా ఆగుతాడు. మొన్న తండ్రి షెడ్డు నుంచి నేరుగా వచ్చి, గ్రీజు చేతులతో గుమ్మం బయటే నిలబడి, వాడు ఒక పేజీ చదివేదాకా విని వెళ్ళాడు. మాతో ఏమీ అనలేదు. మెకానిక్ పని ప్రస్తావన మాత్రం మళ్ళీ రాలేదు.

దాతలకు ఒక విన్నపం. బ్యాగులు, పుస్తకాలు ఇస్తామనేవారు చాలామంది ఉన్నారు, అల్లాహ్ వారికి మేలు చేయుగాక. టీచరు జీతం ఇస్తామనేవారు తక్కువ. జీతం మీద పేరు రాయించుకోలేం, ఫొటో తీయించుకోలేం. జకాత్ సొమ్మును మేము దీనికి వాడం. విడిగా ఇచ్చే చందాల నుంచే ఇస్తున్నాం, అందుకే కొన్ని నెలలు ఆలస్యమైంది. ఆ అమ్మాయి అడగలేదు. అడగలేదు కదా అని మేమూ ఊరుకోవడం బాగుండలేదు. చిన్నపిల్లలకు వేరే గది కూడా కావాలి. పక్కన పెద్దపిల్లలు ఎక్కాలు చదువుతుంటే నెలకు, నేలకు తేడా వినబడదు.

అస్ర్ నమాజు తర్వాత ఏ రోజైనా రండి. వచ్చేముందు ఫోన్ మాత్రం చేయకండి. పెద్దలు వస్తున్నారని తెలిస్తే పిల్లలు తలలు దువ్వుకుని, మళ్ళీ గుణింతం పాటలా అప్పజెప్పేస్తారు.