రోస్టరుంది, పోస్టేదీ?

(పట్టిసీమలో చేసిన ప్రసంగ పాఠం)



విశాఖ స్టీలుప్లాంటు గొడవ గోదారొడ్డున మనకెందుకనేవాళ్ళు ఈ సభలోనూ ఉన్నారు. మనకి ఎకరాల్లేవు. కౌలుకి దున్నే చేను కూడా మన పేరున ఉండదు. పేటలో పిల్లడు చదువుకుంటే నెలజీతానికి దారి సర్కారు ఆఫీసు, లేదంటే సర్కారు ఫ్యాక్టరీ. అందుకే ఇది మన గొడవంటున్నాం.

1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలిస్తే వచ్చిన ఫ్యాక్టరీ అది. 64 ఊళ్ళు భూములిచ్చాయి. దాన్ని నూటికి నూరుపాళ్ళూ అమ్మేస్తామని 2021 జనవరి 27న ఢిల్లీలో తీర్మానించారు. నష్టాలంట! సొంత గని ఇవ్వకుండా, ఇనుప ఖనిజం బజారు ధరకి కొనిపించి, అప్పులకి వడ్డీలు కట్టించి, ఆనక నష్టమంటే అది తెచ్చిందెవరు? కొలిమి దగ్గర చెమటోడ్చినోడా?

2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు. ఆ ఏడాదే పర్మినెంటు వాళ్ళ ముందు వీఆరెస్ కాగితం పెట్టారు, వేలమంది కాంట్రాక్టు కార్మికుల్ని తీసేశారు. మే 20 నుంచి వాళ్ళు సమ్మెకి దిగారు. వీఆరెస్ తీసుకున్నాయన చేతిలో ఎంతోకొంత పడింది. మరి కాంట్రాక్టు కూలీకి? ఎన్నేళ్ళు చేసినా అతను ఫ్యాక్టరీ మనిషి కాదంట, కాంట్రాక్టరు మనిషంట!

రిజర్వేషన్ తీసేశామని ఎవడూ అనడు. అంటే ఓట్లు పోతాయి. పోస్టు తీసేస్తాడు. వంద పోస్టులుంటే 15 ఎస్సీలవి. పోస్టే లేకపోతే ఆ 15 శాతం దేనిమీద కడతారు? పర్మినెంటు మనిషి లేచెళ్ళిన చోట కాంట్రాక్టరు మనిషి నిలబడతాడు. కాంట్రాక్టరు మస్టర్లో రోస్టరుండదు. మన రాజమండ్రి కాగితాల మిల్లు చూడండి. 1964లో సర్కారు చేతిలోంచి జారింది. 2011లో అమెరికా కంపెనీకెళ్ళింది, 2019లో మళ్ళీ చెయ్యి మారింది. ఏ యజమానీ మనకి రోస్టరు చూపించక్కర్లేదు, చట్టమే అలా ఉంది.

కీలక పరిశ్రమలు రాజ్యం చేతిలోనే ఉండాలని బాబాసాహెబ్ 1947లోనే 'రాష్ట్రాలు - మైనారిటీలు'లో రాశారు. ఏప్రిల్ 14న దండలేసే నాయకులు ఆ పేజీ తిప్పరు.

ప్లాంటు కాపాడమనే యూనియన్లతో మనం నడుద్దాం. నడుస్తూనే ఒకటడుగుదాం: మీ డిమాండ్ల కాగితంలో కాంట్రాక్టు కూలీది ఎన్నో నంబరు? తీసేసినవాళ్ళని వెనక్కి తీసుకోవాలి. ఖాళీ అయిన ప్రతి పోస్టునీ రోస్టరుతో నింపాలి. రేపు ఓటడగడానికి మన పేటకొచ్చే ప్రతివాడినీ ముందు ఈ రెంటిమీదే నిలెయ్యండి.