మూడో శ్లోకం కూడా చదవండి

పట్టాలు అందుకుంటున్న మీకు, కడుపు కట్టుకుని చదివించిన మీ అమ్మానాన్నలకు అభినందనలు.

మారికుప్పంలో మైకు అందుకున్నవాళ్లంతా బంగారం మాటే ఎత్తుతారు. 2001లో ఇక్కడి బంగారు గనులు మూతపడ్డ సంగతి నాకన్నా మీ ఇళ్లల్లోనే బాగా చెబుతారు. నేను వేరే సంగతి ఎత్తుకుంటాను.

మన పవిత్ర గ్రంథంలోనే మింగుడుపడని మాట ఎదురైతే ఏం చెయ్యాలి? ఈ ఊరి కార్మికులకు ఈ ప్రశ్న నూరేళ్ల కిందటిదే. పండిత అయోతీదాసు 1898లో మద్రాసులో పెట్టిన శాక్య బౌద్ధ సంఘానికి ఇక్కడ గట్టి శాఖ ఉండేది. ఆయన పురాణాలను పారెయ్యలేదు, తిరగేసి చదివారు. దీపావళి నరకాసురుణ్ణి చంపిన పండగ కాదు, నువ్వుల నూనె కనిపెట్టిన పండగ అన్నారు. చరిత్రగా అది నిలుస్తుందని నేననుకోను. అయినా, అంటరానివాళ్లని ముద్ర వేయించుకున్నవాళ్లతో 'మీరు ఒకనాటి బౌద్ధులు' అని చెప్పిన ధైర్యాన్ని తీసిపారెయ్యలేను. అంబేడ్కర్ అయితే 1927 డిసెంబరు 25న మహాడ్‌లో మనుస్మృతికి నిప్పే పెట్టించారు.

రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం దారి వేరు. 1881 డిసెంబరు 11న వితంతు వివాహం జరిపించడానికి ముందు, శాస్త్రులతో శాస్త్రం పట్టుకునే వాదించారు. అంతకుముందు బెంగాల్లో వితంతు వివాహాల కోసం వాదించిన విద్యాసాగరుడికి ఆసరా అయింది పరాశర స్మృతి. దాని నాలుగో అధ్యాయం తెరవండి. భర్త పోతే మళ్లీ పెళ్లాడవచ్చని ఒక శ్లోకం. వెంటనే, బ్రహ్మచర్యం పాటిస్తే స్వర్గమని ఇంకొకటి. ఆ పక్కనే మూడోది: సహగమనం చేసినామె ఒంటిమీద ఎన్ని వెంట్రుకలో అన్నేళ్లు, అంటే మూడున్నర కోట్ల ఏళ్లు, స్వర్గంలో ఉంటుందట! సంస్కర్తలు మొదటిది పట్టుకున్నారు, ఛాందసులు తక్కినవి. ఏరుకున్నది ఇద్దరూ. నేను వీరేశలింగం పక్షమే. కానీ ఆయన్ని కదిలించింది శ్లోకం కాదు, బాలవితంతువుల గోడు. ఆ మాట పైకి చెప్పడానికి మొహమాటమెందుకు? మీలో పంతులమ్మలు, పంతుళ్లు అయ్యేవాళ్లు పిల్లలకు మూడో శ్లోకం కూడా చదివి వినిపించండి.

బౌద్ధంలోకి వెళ్తే చిక్కు తీరిందనుకోకండి. నూరేళ్ల దీక్ష ఉన్న భిక్షుణి అయినా, ఇవాళే దీక్ష పుచ్చుకున్న భిక్షువుకు లేచి మొక్కాలంటుంది బౌద్ధ సంఘ నియమాల గ్రంథం వినయ పిటకం. అది బుద్ధుడి మాటేనా, తర్వాత చేర్చిందా అని పండితులు ఇంకా తగవులాడుతూనే ఉన్నారు. శ్రీలంక స్త్రీలు కొందరు ఆ తగవు తెగేదాకా కూర్చోలేదు. 1996లో సారనాథ్ వచ్చి, భిక్షుణులుగా దీక్ష పుచ్చుకుని వెళ్లారు.

పట్టాలు ఇంకా చాలానే పంచాలి. సెలవు.