పట్టము లేని యంత్రవేత్త
(పఠనమందిర సభలో గావించిన ఉపన్యాసము)



పట్టభద్రులమైన మనము సుత్తి పట్టినవానిని విద్యావంతుడని యంగీకరించుటకు నేటికిని సంకోచించుచున్నాము. ఈ సంకోచము దేశమున కెంత నష్టకరమో తెలిసికొనుటకు జపాను దేశీయుడగు సోయిచిరో హోండా చరిత్రము చాలును.

ఈతడు 1906లో హమామట్సు పట్టణ సమీపమున నొక కమ్మరి యింట జన్మించెను. 1922లో టోకియోలోని మోటారు మరమ్మతు కార్ఖానాలో పనివాడుగా చేరెను. మొదట ఆతని కొసగిన పని యజమాని బిడ్డ నెత్తుకొనుట! అయినను కన్ను పనిమీదనే యుంచి మరమ్మతు విద్య నేర్చుకొనెను. పిమ్మట స్వంతముగా పిస్టను రింగులు పోతపోయ మొదలిడెను. టయోటా సంస్థవారి పరీక్షకు పెట్టిన 50 రింగులలో నిలిచినవి మూడే. లోహమున సిలికాను కొఱవడినదని తెలియగానే, ముప్పదియేండ్ల వయస్సున సాంకేతిక పాఠశాలలో శ్రోతగా గూర్చుండెను. వలసినది నేర్చెను, పరీక్షలకు మాత్రము పోలేదు.

రెండవ ప్రపంచయుద్ధము ముదిరిన కొలది పురుషులు సైన్యమునకు బోయిరి. యంత్రమెఱుగని స్త్రీలు వారి స్థానమున కార్ఖానాలకు వచ్చిరి. పని నేర్పుటకు వ్యవధి లేదు. హోండా యంత్రములనే వారికి దగినట్లు మార్చి, రింగుల పని తనంత తాను జరుగునట్లు చేసెను. నేడు యమహా యనబడు వాద్యపరికరముల సంస్థ అప్పుడు విమానములకు కొయ్య ప్రొపెల్లర్లు చేయుచుండెను. చేతితో నొకటి చెక్కుటకు వారము పట్టెడిది. హోండా కల్పించిన యంత్రము అరగంటలో రెండు చెక్కెను.

ఇచ్చట నొక ప్రశ్నను దాటిపోరాదు. ఆ నేర్పు ఎవరికి తోడ్పడెను? 1942 ఏప్రిలు 6వ తేదీన మన విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను బాంబులు వేసినవి జపాను విమానములే. వానిలో హోండా పనితనము కలదని నేననుట లేదు. కాని ఆతడు సేవించినది ఆ యుద్ధమునే. నేర్పు నేరము కాదు. నిర్దోషిత్వమునకు సాక్ష్యమును గాదు.

వైమానిక దాడులలో ఆతని కార్ఖానా యొకటి ధ్వంసమయ్యెను. 1945 జనవరి 13వ తేదీ భూకంపమున నింకొకటి కూలెను. చేతిలోని విద్య మాత్రము కూలలేదు. 1946లో, సైన్యమువారి రేడియోలకు విద్యుత్తు నిచ్చుటకై చేయబడిన చిన్న ఇంజనులను సైకిళ్లకు దగిలించి అమ్మ మొదలిడెను. 1948లో వెలసిన హోండా సంస్థకు పునాది యదియే. యుద్ధమునకు పనిచేసిన చేతులే సామాన్యునకు వాహనము నిచ్చినవి.

కావున నా మనవి రెండు మాటలు. మన సాంకేతిక పాఠశాలలు, పట్టము కోరని పనివానికిని, వయస్సు మీఱిన మేస్త్రీకిని సాయంకాలమున తలుపు తెఱువవలెను. పని నేర్చినవాడు తన పని యెవరి మేలునకో యడుగుటయు నేర్వవలెను. మొదటిది లేనిచో దేశము బీదదగును. రెండవది లేనిచో దేశము దారి తప్పును.