వాలిన కనురెప్ప - దాటిపోయే వయసు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునేవాణ్ణి, నా తెలుగులో తప్పులుంటే మన్నించాలి. నా తరగతిలో నేనే చేసిన ఒక పొరపాటు మీకు మనవి చేద్దామని వచ్చాను.

ఐదో తరగతిలో ఒక పిల్లవాడు ఎప్పుడూ గడ్డం పైకెత్తి, నుదురు ముడిచి బోర్డు చూసేవాడు. కుడికంటి పైరెప్ప సగానికి పైగా వాలి ఉండేది. నేను వాణ్ణి "నిద్రమొహం" అనేవాణ్ణి. పిల్లలంతా అదే పేరు పట్టుకున్నారు. ఒకనాడు అనుమానం వచ్చి ఎడమకన్ను మూసి చదవరా అంటే బోర్డు మీద ఒక్క అక్షరం చెప్పలేకపోయాడు. వాళ్ళమ్మను పిలిపించి అడిగితే, "పుట్టినప్పటి నుంచీ అంతే మాస్టర్ సాబ్, పెద్దయితే అదే పోతుందన్నారు" అంది.

కంటి డాక్టరు గారు చెప్పింది ఇదీ. రెప్పను పైకెత్తే కండరం ఒకటి లోపల ఉంటుంది. కొందరికి అది పుట్టుకతోనే సరిగా ఎదగదు. రెప్ప కంటిపాపను కప్పేస్తే మెదడు ఆ కంటితో చూడటం నేర్చుకోదు. నేర్చుకునే వయసు ఏడెనిమిదేళ్ళ దాకానే. ఆ తర్వాత రెప్ప ఎత్తినా చూపు రావడం కష్టం. మావాడికి అప్పటికే పదకొండేళ్ళు.

ఆపరేషన్ అంటే హడలిపోనక్కరలేదు. కండరంలో కొంత బలం ఉంటే దాన్ని కొంచెం పొట్టి చేసి బిగించి కుడతారు. బొత్తిగా లేకపోతే తొడ నుంచి తీసిన గట్టి పొరతో గాని, సిలికాన్‌తో గాని రెప్పను నుదుటి కండరానికి తగిలిస్తారు. అప్పుడు కనుబొమ ఎత్తితే రెప్ప లేస్తుంది. పిల్లలకు పూర్తి మత్తు ఇస్తారు. కొన్నాళ్ళు నిద్రలో కన్ను పూర్తిగా మూతపడదు కాబట్టి మందు రాస్తూ ఉండాలి. ఒక్కోసారి రెండోసారి సరిచేయవలసి రావచ్చు. చిన్నపిల్లలకు అద్దాలు, మంచి కంటికి రోజూ కాసేపు గంత కట్టడం కూడా ఉంటాయి. గాయం ఆరేదాకా తడి తగలరాదు. వుజూ సంగతి ఇమాం సాబ్‌ను అడగండి, మన దీన్‌లో వెసులుబాటు ఉంది.

ప్రతి రెప్పకూ కత్తి పనికాదు. పొద్దున బాగుండి సాయంత్రానికి వాలిపోతుంటే అది వేరే జబ్బు కావచ్చు, దానికి ముందు మందులే. ఉన్నట్టుండి వాలి, తలనొప్పి వచ్చినా, ఒకటి రెండుగా కనిపించినా ఆరోజే ఆసుపత్రికి పరుగెత్తాలి. సుర్మా పెడితే రెప్ప లేవదు.

"అల్లా రాత" అనేవారు కొందరున్నారు. వైద్యం చేయించుకోమని మన ప్రవక్త (స) వారే చెప్పారు కదా! వెయ్యేళ్ళ నాడే బాగ్దాదులో అలీ ఇబ్న్ ఈసా కంటి జబ్బుల మీద గ్రంథం రాశాడు. మనమేమో ఆడపిల్ల రెప్ప సంగతి సంబంధాలు చూసేటప్పుడు తలుచుకుంటాం. అప్పటికి చూపు వయసు దాటిపోయి ఉంటుంది.

మావాడి రెప్ప లేచింది. ఇప్పుడు గడ్డం దించి నిటారుగా కూర్చుంటున్నాడు. ఆ కంటికి మాత్రం పెద్ద అక్షరాలే కనిపిస్తాయి.

మీ ఇంట్లో అలాంటి పసివాళ్ళుంటే సభ అయ్యాక నన్ను కలవండి. హైదరాబాదు మెహదీపట్నంలో సరోజినీ దేవి కంటి ఆసుపత్రి ప్రభుత్వానిదే. ఆదివారం తప్ప ఏ సెలవురోజైనా సరే, ముందుగా చెబితే తోడు వస్తాను.