చెరువు లెక్క, ఆయకట్టు లెక్క



ఇక్కడ బెంగళూరులో, మడివాళ సోమేశ్వరాలయంలో 1247 నాటి తమిళ శాసనం ఉంది. వెంగళూరు పెద్ద చెరువు కింది భూమిని దానమిచ్చిన సంగతి అందులో చెక్కారు. భూమికి గుర్తు చెప్పాలంటే చెరువును చెప్పారు. చెరువు నిండితేనే ఆయకట్టు పండుతుంది. ఆ రెండు లెక్కలూ ఒకటే.

మనం ఆ లెక్కల్ని విడదీశాం. 2024 మార్చిలో బెంగళూరు గొంతెండినప్పుడు అధికారులు ట్యాంకరు రేట్లు కట్టారు. అయిదు కిలోమీటర్ల లోపు 12,000 లీటర్లకు వెయ్యి రూపాయలు. తెల్లవారుజామున మీ పీజీ ముందు ట్యాంకరు ఆగడం, లావుపాటి గొట్టం సంపులోకి దిగడం ఇవాళ పట్టాలు అందుకుంటున్న మీరు చూసే ఉంటారు. ఆ రేట్ల పట్టికలో లీటర్లున్నాయి, దూరముంది, రూపాయలున్నాయి. ఆ నీళ్లు తోడిన ఊళ్లో ఎన్ని బోర్లు ఎండాయో రాసే గడి మాత్రం లేదు.

వాడి వదిలిన నీళ్ల సంగతీ అంతే. అవి చేరిన బెళ్లందూరు చెరువు నురగ కక్కింది, మంటలు లేచాయి. 2018 డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ రాష్ట్ర ప్రభుత్వానికి 50 కోట్లు, నగరపాలికకు 25 కోట్లు జరిమానా వేసింది. ఆ సొమ్ము జనం పన్నుల్లోంచి రావలసిందే. చెరువు చెడకముందే ఆపే చెయ్యి కావాలి మనకు.

ఆ చెయ్యి ఎలా ఉండాలో ఇంగ్లండ్‌ను చూసి నేర్చుకోవచ్చు. అది 1989లో నీటి సంస్థల్ని ప్రైవేటుకు ఇచ్చింది. బిల్లులు చూసేందుకు ఆఫ్‌వాట్, నదులు చూసేందుకు మరో సంస్థ. నదుల్లోకి మురుగు పారి జనం మండిపడ్డాక, ఆఫ్‌వాట్‌ను రద్దు చేసి ఒకే నియంత్రణ సంస్థ పెడతామని 2025లో అక్కడి ప్రభుత్వం ప్రకటించింది.

మనకూ అలాంటి ఒకే నియంత్రణ సంస్థ కావాలి. జలమండలి అయినా, ట్యాంకరు యజమాని అయినా ఎంత తోడారో, ఎంత మురుగు శుద్ధి చేసి వదిలారో దానికి లెక్క చెప్పాలి. ఆ లెక్క అందరికీ కనబడాలి. నీళ్లమ్మే చేతికీ తనిఖీ చేసే చేతికీ సంబంధం ఉండకూడదు.

రేపు మీలో ఒకరు మీటరు తయారుచేస్తారు, ఒకరు చట్టం రాస్తారు, ఒకరు ఆడిట్ సంతకం పెడతారు. అంతదాకా ఆగక్కర్లేదు. ఈ రాత్రి మడివాళలో హైదరాబాద్, విజయవాడ బస్సెక్కే ముందు మీ పీజీ ఓనరును ఒక్క మాట అడగండి: "అన్నా, ఈ నీళ్లు ఏ ఊరి బోరువి?"

ఆయకట్టు రైతు చెరువు గట్టెక్కి చూసొచ్చేవాడు. ఈ ప్రశ్నతో మీరూ ఆ గట్టెక్కుతారు.